ముందు ఎవరు, తరువాత ఎవరు: వ్యాపారం వెనుక ఉద్దేశాన్ని, విలువలను వెతకడం

ఏ సంస్థ వెబ్‌సైట్ తెరిచినా ‘మా విలువలు’ అనే పేజీ ఒకటి కనిపిస్తుంది. నాణ్యత, నిజాయితీ, వినియోగదారుల సంతృప్తి, కలిసికట్టుగా పనిచేయడం వంటి మాటలు కొద్దిపాటి తేడాతో అన్నిచోట్లా అవే ఉంటాయి. ఒక సిమెంటు కంపెనీ రాసుకున్న పేజీని తీసుకెళ్లి ఒక ప్రైవేటు కళాశాల వెబ్‌సైట్లో పెట్టినా చదివేవారు గుర్తుపట్టలేరు. ఆ మాటలు అబద్ధాలని నేను అనడం లేదు. రాసినవారిలో చాలామంది వాటిని మనస్ఫూర్తిగా నమ్మే రాస్తారు. అయితే రేపు ఒక చిక్కు నిర్ణయం ఎదురైనప్పుడు ఆ సంస్థ ఎటు మొగ్గుతుందో ఆ మాటల్లో ఏదీ చెప్పదు. నాణ్యత వద్దనుకునే వ్యాపారి ఎక్కడా ఉండడు కాబట్టి నాణ్యత మా విలువ అని ప్రకటించడం వల్ల పనివారికి గాని, కొనేవారికి గాని కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

విలువ అంటే ఒక వరుస అని నా అభిప్రాయం. రెండు మంచి విషయాలు ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు దేన్ని ముందు నిలబెడతాం, దేన్ని ఆగమంటాం అన్నదే ఆ వరుస. అది అలాగే ఎందుకు ఉండాలో చెప్పేది ఉద్దేశం. ఈ రెండింటినీ కలిపి చూడకపోవడం వల్లనే విలువల గురించిన చర్చ అంత త్వరగా నినాదాల్లోకి జారిపోతుంది.

ఈ విషయంలో వాడే మాటలు కూడా కొంత గందరగోళం కలిగిస్తాయి. విజన్, మిషన్, పర్పస్, కోర్ వాల్యూస్ అని నాలుగు గళ్ల పట్టిక ఇచ్చి నింపమంటారు. విజన్ అంటే కొన్నేళ్ల తరువాత సంస్థ ఏ స్థితిలో ఉండాలనుకుంటున్నామో చెప్పేది. మిషన్ అంటే ఇవాళ ఎవరి కోసం ఏ పని చేస్తున్నామో చెప్పేది. మార్కెట్ మారితే ఈ రెండూ మారతాయి, మారాలి కూడా. పర్పస్, అంటే ఉద్దేశం, అంత తేలిగ్గా మారదు. ఈ వ్యాపారం రేపు మూతపడితే లాభం పోగొట్టుకునే యజమాని కాక మరెవరికి, ఏ లోటు కలుగుతుంది అన్న ప్రశ్నకు వచ్చే జవాబే ఉద్దేశం. ఆ జవాబును కాపాడుకోవడానికి దేన్ని వదులుకోవడానికి సిద్ధపడతామో చెప్పేవి విలువలు. చిన్న వ్యాపారులు మొదటి రెండింటినీ కొంతకాలం పక్కన పెట్టినా నష్టం లేదు గాని చివరి రెండూ రాసుకున్నా రాసుకోకపోయినా ప్రతి దుకాణంలోనూ ఉండనే ఉంటాయి.

ఉదాహరణకు ఒకావిడ తన ఊళ్లోనే ఆవకాయ పెట్టి హైదరాబాదుకూ, అమెరికాలోని తెలుగువారికీ కొరియర్‌లో పంపే వ్యాపారం చేస్తున్నారనుకుందాం. సీసా మీద ‘ఇంటి రుచి’ అని ముద్రించి ఉంటుంది. ఒక వేసవిలో నువ్వుల నూనె ధర బాగా పెరిగింది. ఆవిడ సీసా ధర పెంచవచ్చు, అదే ధరకు అరకిలో సీసాను నాలుగు వందల గ్రాములకు తగ్గించవచ్చు, నువ్వుల నూనెలో పామాయిల్ కలపవచ్చు, లేదా ఆ ఏడాది లాభం వదులుకోవచ్చు. ధర పెంచితే కొనేవారు కొందరు తగ్గుతారు. పామాయిల్ కలిపితే సీసా మీద రాసిన మాట పోతుంది. లాభం వదులుకుంటే పిల్లల చదువుకు పెట్టుకున్న డబ్బు పోతుంది. ఈ దారుల్లో ఏదీ నష్టం లేనిది కాదు. ఆవిడ ఎంచుకునే దారిని బట్టి రుచి ముందో, ధర ముందో, ఇంటి అవసరం ముందో తెలుస్తుంది.

కాయ కొట్టే రోజున అదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. మామిడికాయలు కడిగి, ఒక్కో కాయనూ పొడిగుడ్డతో తుడిచి, ఆరాక కొట్టి, జీడి తీసి, టెంకకు అంటుకున్న పొరను గీకి ముక్కలు సిద్ధం చేయాలి. తడి మిగిలితే కొద్ది రోజుల్లోనే పచ్చడి బూజు పడుతుంది. ఆర్డర్లు కుప్పపడిన రోజున, మబ్బు పట్టి కాయ సరిగా ఆరనప్పుడు, పనికి వచ్చిన ఆడవాళ్లను తొందరపెట్టి అలాగే కొట్టించేస్తారా, సరుకు రెండు రోజులు ఆలస్యమవుతుందని కొనుగోలుదారులకు ఫోన్ చేసి చెబుతారా? ఫోన్ చేస్తే ఆ రెండు రోజుల కూలి ఎవరు భరిస్తారు? పనివారిని ఖాళీ చేతులతో ఇంటికి పంపుతారా? అంత చిన్న వంటశాలలో కూడా కొనేవారు, పనివారు, యజమాని అనే ముగ్గురి మధ్య ఒక వరుస అప్పటికే ఏర్పడి ఉంటుంది.

అందుకే విలువలను కూర్చుని ఆలోచించి కల్పించుకోవడం కన్నా గతంలోంచి తవ్వి తీయడం నయం. ఏ సరుకును, ఏ వాటాదారును, ఏ కాంట్రాక్టును డబ్బు వస్తుందని తెలిసీ వద్దన్నారో గుర్తు చేసుకోవాలి. బాగా పనిచేసే మనిషినే అయినా ఎందుకు మాన్పించారో, పెద్దగా పని రాకపోయినా ఎవరిని ఏళ్ల తరబడి ఉంచుకున్నారో చూడాలి. ఏ తప్పు జరిగినప్పుడు ఎవరూ అడగకముందే డబ్బు వాపసు ఇచ్చారో, ఏ తప్పు జరిగినప్పుడు చూసీచూడనట్టు ఊరుకున్నారో కూడా రాసుకోవాలి. ఈ చివరిది రాయడం కష్టమే గాని అది లేకపోతే మిగతా జాబితా అంతా స్వోత్కర్ష అవుతుంది. టయోటాలో యంత్రం ఆగిపోయినప్పుడు అసలు కారణం దొరికేదాకా ‘ఎందుకు’ అని వరుసగా ఐదుసార్లు అడిగే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఇక్కడా వాడవచ్చు. ఆ ఆర్డర్ ఎందుకు వదులుకున్నాం? చెప్పిన తేదీకి ఇవ్వలేమని. ఇవ్వలేకపోతే ఏమయ్యేది? పెళ్లివారి పని చెడిపోయేది. వాళ్ల పని చెడిపోతే మనకెందుకు అంత పట్టింపు? ఇలా అడుగుతూ పోతే మూడో, నాలుగో జవాబు దగ్గర మనిషి కాసేపు ఆగిపోతాడు. సాధారణంగా ఉద్దేశం దొరికేది అక్కడే.

ఉద్దేశం నుంచి వరుస, వరుస నుంచి రోజువారీ పద్ధతి ఎలా పుడతాయో చూడటానికి మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్ల వయసులో రిటైరై, 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. యువకుడిగా ఉన్నప్పుడే వచ్చిన కీళ్లవాతం వల్ల ఆయన వేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లతోనే కంటి శస్త్రచికిత్స నేర్చుకుని వేలమందికి చూపు తెప్పించారు. ఆసుపత్రి కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. నివారించగలిగిన అంధత్వం ఉండకూడదన్నది ఆయన ఉద్దేశం. ఈ వాక్యంలో డబ్బు ప్రసక్తి లేదు. కాని ఆసుపత్రి విరాళాల మీద ఆధారపడకుండా సొంత ఆదాయంతో నడవాలని ఆయన మొదటి నుంచీ పట్టుపట్టారు. ఆ రెండూ కలిపితే వచ్చిన పద్ధతి ఇది: ఇవ్వగలిగినవారు డబ్బిస్తారు, ఇవ్వలేనివారు ఉచితంగా గాని, నామమాత్రపు ఖర్చుతో గాని చికిత్స పొందుతారు, ఎటు వెళ్లాలో రోగే నిర్ణయించుకుంటాడు. ఆదాయ ధ్రువీకరణ పత్రం చూపమని ఎవరూ అడగరు. గది, మంచం వంటి సౌకర్యాల్లో తేడా ఉంటుంది గాని వైద్యులు మాత్రం రెండు వైపులా వాళ్లే.

ఉచితంగా చేస్తామన్నా పల్లెల నుంచి చాలామంది రాలేదు. ఊళ్లలో పెట్టిన కంటి పరీక్ష శిబిరంలో శుక్లం ఉందని తేలినవాళ్లు కూడా ఆపరేషన్‌కు వచ్చేవారు కాదు. బస్సు ఛార్జీ, తిండి ఖర్చు, వెంట వచ్చేవారి కూలి కలిపితే ఉచిత ఆపరేషన్ కూడా వారికి ఖరీదైనదేనని అప్పుడు అర్థమైంది. దాంతో రోగులను ఊరి నుంచి తీసుకురావడం, భోజనం పెట్టడం, తిరిగి దింపడం కూడా ఆసుపత్రి పనిలో భాగమయ్యాయి. ఎన్ని ఆపరేషన్లు చేశామన్నదే ముఖ్యమైతే నగరంలో డబ్బిచ్చే రోగులతోనే ఆ లెక్క నింపవచ్చు. అంధత్వం పోవాలన్నది ఉద్దేశం కాబట్టి రాలేనివాడి దగ్గరకు తామే వెళ్లక తప్పలేదు.

అసలు పరీక్ష కటకాల (లెన్సుల) విషయంలో వచ్చింది. శుక్లం తీశాక కంటిలో కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వ్యాపించిన తొలి రోజుల్లో ఆ కటకాలు విదేశాల నుంచి రావాలి, ఒక్కొక్కటి సుమారు 100 డాలర్లు ఉండేది. అందువల్ల డబ్బిచ్చినవారికి కటకం, ఇవ్వలేనివారికి దళసరి కళ్లద్దాలు అన్న తేడా తప్పలేదు. వైద్యం నాణ్యతలో తేడా ఉండకూడదన్న మాటకు ఇది నేరుగా విరుద్ధం. చాలా సంస్థలు ఇలాంటి చోట మాటను కాస్త సవరించి సర్దుకుంటాయి, ‘స్తోమతను బట్టి ఉత్తమ చికిత్స’ అని రాసుకుంటాయి. అరవింద్ వాళ్లు మాటను సవరించలేదు. కటకాలను తామే తయారు చేయడానికి 1992లో ఆరోల్యాబ్ అనే సంస్థను పెట్టి, ధరను సుమారు పదోవంతుకు, ఆ తరువాత అంతకన్నా తక్కువకు తెచ్చారు. ఇప్పుడు ఆ కటకాలు వందకు పైగా దేశాలకు వెళుతున్నాయి. ఒక ఆసుపత్రి ఫ్యాక్టరీ పెట్టడం ఏ వ్యాపార ప్రణాళికలోనూ మొదట ఉండి ఉండదు. వాళ్లు తమ వరుసను చెదరనివ్వకూడదనుకోవడం వల్లనే అది వచ్చింది.

ఈ సేవ అంతా మంచి మనసుతో మాత్రమే సాగిందనుకుంటే పొరపాటు. ఒక శస్త్రవైద్యుడి ముందు రెండు బల్లలు ఉంటాయి, ఒక బల్ల మీద ఆపరేషన్ ముగిసే సరికి రెండో బల్ల మీద రోగిని సిద్ధంగా ఉంచుతారు. పల్లెల నుంచి వచ్చిన యువతులకు శిక్షణ ఇచ్చి, వైద్యుడే చేయనవసరం లేని పనులన్నీ వారికి అప్పగిస్తారు. దీనివల్ల అక్కడ ఒక వైద్యుడు ఏడాదికి రెండు వేల వరకూ ఆపరేషన్లు చేయగలుగుతాడు. ఇంత కచ్చితమైన పొదుపు లేకపోతే సగానికి పైగా రోగులకు ఉచితంగానో, నామమాత్రపు ఖర్చుతోనో చూడటం సాధ్యమయ్యేది కాదు. ఉద్దేశం గొప్పదైతే లెక్కలు కాస్త సడలినా ఫరవాలేదనే భావన మన సేవాసంస్థల్లో బాగా ఉంది. అరవింద్ అనుభవం దానికి పూర్తిగా ఎదురు చెబుతుంది.

ఇదే కాలంలో హైదరాబాదులో ఇదే ఉద్దేశం మరో రూపం తీసుకుంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగివచ్చి, సినీ ప్రముఖుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంతో, ధనంతో 1987లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను ప్రారంభించారు. ఇక్కడా డబ్బు లేనివారికి ఉచిత చికిత్స ఉంది. కాని ఈ సంస్థ రోగిని నగరానికి తేవడంతో పాటు సేవనే ఊరికి తీసుకెళ్లడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టి, సుమారు 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక దృష్టి కేంద్రం చొప్పున, స్థానిక యువతీయువకులకే శిక్షణ ఇచ్చి నడిపించే ఏర్పాటు చేసింది. ఉద్దేశం ఒకటే అయినా రెండు సంస్థలు ఒకే నమూనాలో లేవు. మరొకరి విలువల పేజీని తెచ్చుకుని వాడుకోవడం ఎందుకు కుదరదో ఈ తేడాలోనే కనిపిస్తుంది.

పై రెండూ లాభాపేక్ష లేని సంస్థలు కదా, వాటాదారులున్న కంపెనీ సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి ‘క్రెడో’ అనే ఒక ప్రమాణపత్రం ఉంది. కంపెనీ వాటాలు ప్రజలకు అమ్మడానికి కొద్దికాలం ముందు, 1943లో, అప్పటి కంపెనీ అధిపతి రాబర్ట్ వుడ్ జాన్సన్ దాన్ని రాశారు. తమ బాధ్యత మొదట వైద్యులు, నర్సులు, రోగులు, తల్లుల పట్ల, తరువాత ఉద్యోగుల పట్ల, తరువాత సమాజం పట్ల, చివరగా వాటాదారుల పట్ల అని అందులో ఉంది. అందులోని మాటల కన్నా ఆ క్రమం ముఖ్యం. 1970ల్లో కంపెనీ అధిపతి జేమ్స్ బర్క్ తన మేనేజర్లను కూర్చోబెట్టి, దీన్ని నమ్ముతున్నామా లేదా, నమ్మకపోతే గోడ మీద నుంచి తీసేద్దాం అని చర్చ పెట్టారు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఈ కంపెనీ నొప్పి నివారణ మందు టైలెనాల్ క్యాప్సూళ్లలో సైనైడ్ కలపడం వల్ల ఏడుగురు చనిపోయినప్పుడు, కంపెనీ 10 కోట్ల డాలర్లకు పైగా విలువైన 3 కోట్ల 10 లక్షల సీసాలను దేశమంతటా దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది. ఆ నిర్ణయానికి పునాది కొన్నేళ్ల ముందు జరిగిన ఆ చర్చలోనే పడిందని నేను నమ్ముతాను. ఆపద ముంచుకొచ్చిన రోజున కూర్చుని వరుస నిర్ణయించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

అయితే అదే కంపెనీ టాల్కమ్ పౌడర్ విషయంలో వేలాది దావాలు ఎదుర్కొంది. తమ సరుకు సురక్షితమేనని వాదిస్తూనే 2020లో అమెరికా, కెనడాలలో, 2023 నాటికి ప్రపంచమంతటా టాల్క్‌తో చేసిన బేబీ పౌడర్ అమ్మకం ఆపేసింది. ఒకసారి నిలబడిన వరుస మరోసారి కూడా నిలబడుతుందనే హామీ ఏ ప్రమాణపత్రమూ ఇవ్వదు. ప్రతి తరం అధికారులూ దాని గురించి మళ్లీ వాదించుకుని మళ్లీ ఒప్పుకోవలసిందే.

రాసుకున్న వరుసను చెరిపేసేది చాలాసార్లు చెడ్డ మనుషులు కాదు, టార్గెట్లు. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఖాతాదారుల మేలు గురించి ఎంతో వివరంగా రాసుకుంది. మరోపక్క ఒక్కో ఖాతాదారు కుటుంబానికి ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలని శాఖల మీద ఒత్తిడి పెట్టింది. ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే వారి పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016లో అటువంటివి 20 లక్షల దాకా ఉండవచ్చని బయటపడింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి, 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 2020లో మరో 300 కోట్ల డాలర్లకు కేసులు పరిష్కరించుకోవలసి వచ్చింది. కింది ఉద్యోగి విలువల పుస్తకం చదివి తన వరుస నేర్చుకోడు. ఏ అంకె తగ్గితే మేనేజరు కేకలేస్తాడో, ఎవరికి ప్రమోషన్ వచ్చిందో చూసి నేర్చుకుంటాడు. కాబట్టి విలువలు నిర్ణయించుకున్న సంస్థ ఆ మరునాడే చేయవలసిన పని వాటికి పోస్టర్లు వేయించడం కాదు, తన ఇన్సెంటివ్ పట్టికను, నెలవారీ సమీక్షలో అడిగే ప్రశ్నలను వాటితో సరిపోల్చుకోవడం.

వ్యాపారానికి లాభం కాక మరో ఉద్దేశం ఉండవచ్చా అన్నది పాత వివాదం. చట్టానికి లోబడి లాభాలు పెంచడమే వ్యాపారపు సామాజిక బాధ్యత అని అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో వాదించారు. ఇతరుల డబ్బుతో దానధర్మాలు చేసే హక్కు మేనేజరుకు ఎక్కడిదన్న ఆయన ప్రశ్నలో బలం ఉంది. 2019లో అమెరికాలోని 181 పెద్ద కంపెనీల అధిపతులు ఉద్యోగులు, వినియోగదారులు, సరఫరాదారులు, సమాజం పట్ల కూడా తమకు బాధ్యత ఉందని ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. అందులో అందరి పేర్లూ ఉన్నాయి గాని వారి మధ్య ఘర్షణ వస్తే ఎవరు ముందో లేదు. మన 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ కూడా డైరెక్టర్లు కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, సమాజం, పర్యావరణం అందరి మేలూ చూడాలంటుంది, వరుస మాత్రం చెప్పదు. చట్టం చెప్పలేదు కాబట్టి ఎవరి వ్యాపారంలో వారు చెప్పుకోవాలి. ఇక 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టడాన్ని చాలామంది కంపెనీ ఉద్దేశంగా చూపిస్తుంటారు. ఆ ఖర్చు మంచిదే, కాని ఉద్దేశం తెలిసేది మిగిలిన 98 శాతం ఎలా వచ్చిందన్న దానిలో.

యాజమాన్యం ఎవరిదన్నది కూడా వరుసను కట్టివేస్తుంది. 1959లో ముంబయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్‌లో అప్పడాలు వత్తేవారే యజమానులు కాబట్టి కార్మికుల వాటా ముందా, పెట్టుబడిదారుల వాటా ముందా అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. తెలంగాణలో 1956 నుంచి నడుస్తున్న ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు రైతు సభ్యులది. ఆ ప్రాంతంలోనే తరువాత వచ్చిన మహిళా డెయిరీకి పాలు పోసే ఆడవారే యజమానులు. పెట్టుబడిదారుల డబ్బుతో ఎదగాలనుకునేవారు మాత్రం డబ్బు తీసుకోకముందే తమ వరుసను వారికి చెప్పి ఒప్పించుకోవాలి. సంతకాలయ్యాక చెబితే అది విన్నపం అవుతుంది, షరతు కాదు.

ఇంత వెతికాక కొందరికి దొరికే జవాబు ‘నా కుటుంబం బతకాలి, అందుకే ఈ దుకాణం’ అని. దాన్ని దాచుకుని ఏదో లోకకల్యాణం కోసమని రాసుకోవలసిన అవసరం లేదు. బతుకుతెరువు గౌరవప్రదమైన ఉద్దేశమే, మన ఊళ్లలోని కిరాణా కొట్లు, టైలరు దుకాణాలు, టిఫిన్ సెంటర్లు చాలావరకు దాని మీదే నిలిచి ఉన్నాయి. దానికీ ఒక వరుస ఉంటుంది. అది తెలియాలంటే డబ్బు తక్కువపడిన నెలల ఖాతా పుస్తకం తీసి, పనివాడి జీతం, టోకు వ్యాపారి బాకీ, బ్యాంకు వాయిదా, ఇంటి ఖర్చు అనే నాలుగింటిలో ఏది ఒక్కసారీ ఆగలేదో, ఏది ప్రతిసారీ ఆగిందో చూడాలి. ఆ క్రమం నచ్చకపోతే దాన్ని మార్చడానికి సలహాదారులూ, సదస్సులూ అవసరం లేదు. వచ్చే నెల మొదటి వారంలో ఎవరికి ముందు చెల్లించాలో నిర్ణయించుకుంటే చాలు.